వేలెడు సందు

కెమి ఊళ్లో మా అపార్ట్‌మెంట్ సంఘానికి
పదకొండేళ్లుగా మినిట్స్ రాసేది నేనే.
ఎవరేమన్నారో రాయాలి,
ఎలా అన్నారో రాయకూడదు.

ఫిబ్రవరి. బయట మైనస్ ఇరవై నాలుగు.
నేలమాళిగలో, సైకిళ్ల గది పక్కన,
మడత కుర్చీల మీద పద్నాలుగు మందిమి.
అజెండాలో ఒకటే అంశం:
ఈ భవనం వదిలే కార్బన్‌ను ఐదో వంతు తగ్గించడం.
అందరూ చేతులెత్తారు. తగ్గించాల్సిందే.
అక్కడిదాకా కాఫీ వేడిగానే ఉంది.

ఎవరిళ్లలో వాళ్ల సౌనాలు ఆపేసి
శనివారం సాయంత్రం అందరికీ ఒకటే వేద్దామనేసరికి
సులేవి లేచి నిలబడ్డాడు.
ఆరడుగుల మూడంగుళాల మనిషి,
లిఫ్టులో ఎదురైనా పలకరించడు.
"నేను పుట్టింది సౌనాలో.
మా అమ్మకి చివరి స్నానం చేయించిందీ సౌనాలోనే."
కూర్చున్నాడు.
దాని మీద ఓటింగ్ పెట్టే ధైర్యం ఎవరికుంది?

ఇర్మెలికి ఏటా జనవరిలో కెనరీ దీవులు.
నవంబర్ నుంచీ చీకట్లో మగ్గుతాం,
రెండు వారాల ఎండ కూడా తప్పేనా అంటూ
చేతి మీద ఇంకా మిగిలిన ఎండ రంగును
మందుచీటీలా చూపించింది.
మాంసం మానేసిన విల్యామి
ఆమెకి విమానం లెక్క చెప్పబోయాడు.
వాడి మంచుబండి ఆదివారాలు తాగే పెట్రోలు లెక్క
ఆమె దగ్గర అప్పటికే సిద్ధంగా ఉంది.

నేను రాశాను: చర్చ జరిగింది.

అప్పుడు, వేడినీళ్లు సరఫరా చేసే కంపెనీ కుర్రాడు
దీపాలార్పి గోడ మీద బొమ్మ వేశాడు.
వేడిని చూసే కెమెరాతో అర్ధరాత్రి తీసిన మా భవనం.
నీలంగా నిద్రపోతోంది.
మూడో అంతస్తు, ఎడమ నుంచి రెండో కిటికీలోంచి
ఎర్రటి నాలుకొకటి బయటికొచ్చి
పై అంతస్తు దాకా గోడను నాకుతోంది.
"ఇదెవరిది?"
"ఫ్రేము పాతదై ఉంటుంది," అన్నాను.
అలాగే రాశాను కూడా.

ఔలిస్ కాగితం మిల్లులో ముప్ఫై రెండేళ్లు చేశాడు.
ఊపిరితిత్తుల్లో చోటు తక్కువ.
రేడియేటర్ నిండా వేడి, కిటికీ వేలెడు సందు,
అలా ఐతే గానీ నిద్ర పట్టేది కాదు.
నేను మూసేదాన్ని, తను తెరిచేవాడు.
ఉన్ని మేజోళ్లు తొడుక్కుని
ముక్కు దాకా దుప్పటి లాక్కుని
ఆ సందును తిట్టని రాత్రి లేదు.
విడాకుల కేసంటూ వేస్తే
కిటికీ మీదే వేస్తాననేదాన్ని.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు.
ఈ బుద్ధి నాకు పుట్టుకతో రాలేదు.
ఆయన్ని నిప్పుకిచ్చి ఇంటికొచ్చిన రాత్రి వచ్చింది.
ఇదెప్పుడు పోవాలో ఏ సామెతా చెప్పలేదు.

తీర్మానం: మెట్ల మీద బల్బులు మార్చడం.
మిగతావి వచ్చే ఏడాది.

కుర్చీలన్నీ సులేవే మడిచాడు.
నాది మడుస్తూ, తలెత్తకుండా,
"మీ పైన ఉండేది నేనే కదా,
ఔలిస్ దగ్గు వినిపించేది" అన్నాడు.
లిఫ్టులో మళ్లీ మామూలే. అంకెల్ని చూస్తూ నిలబడ్డాం.

ఆ రాత్రి కిటికీ మూసే పడుకున్నాను. నిజంగా.
గదంతా వెచ్చగా, ఎవరిదో హోటలు గదిలా.
ఒంటిగంట దాటాక రేడియేటర్‌ను సగానికి తిప్పాను,
నా వంతు తగ్గింపు అనుకుని.
రెండింటికి లేచి గొళ్లెం తీశాను.
మంచు తోసే బండి ఎక్కడో గీరుకుంటూ పోతోంది.
మిల్లు వాసన కొద్దిగా.
కాసేపటికి పాదాలు గడ్డకట్టాయి.
మేజోళ్లు వెతుక్కుని
తిట్టాను,
పేరు పెట్టి, బిగ్గరగా,
పైకి వినిపిస్తే వినిపించనీ అని.